ఎర్ర చీటీ వెనక

ఉత్తరం బల్ల చుట్టూ తిరగడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఎం.డి.గారి చేతి దగ్గర బయలుదేరిన ఆ ఒక్క కాగితం మొదట సేల్స్ హెడ్ ముందుకు వచ్చింది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "అయిపోయిందనుకోండి సార్, అయిపోయిందనుకోండి" అని అవతలి మనిషికి భరోసా ఇస్తూనే ఆయన సంతకం గీకి పక్కకు తోశాడు. ఏ గదిలోకి వచ్చినా తలుపు గోడకు కొట్టుకునేలా వస్తాడు కనుక ఆ గాజు సీసాల ఫ్యాక్టరీలో ఆయన పేరు తుఫాను. తరువాత క్వాలిటీ హెడ్. సీసా గాజులో ఆవగింజలో సగం ఉన్న బుడగనైనా పట్టేస్తాడు కనుక ఆయన భూతద్దం. ఆ భూతద్దం సైతం కాగితంలో చదివింది అడుగున ఉన్న తన పేరు మాత్రమే. ఆపైన స్టోర్స్ హెడ్. ఏది అడిగినా "రేపు" అనే రేపటాయన ఈ ఒక్క పని మాత్రం ఇవాళే చేసేశాడు.

కాగితం నాలుగో మనిషి ముందుకు వచ్చి ఆగింది. ఆమె ఉత్పత్తి విభాగం హెడ్. పగలూ రాత్రీ ఆరని కొలిమికి పదకొండేళ్ళుగా ఆమెదే బాధ్యత. అందరికీ ఆమె కొలిమి మేడమ్.

మేడమ్ పెన్ను మూత తీసింది. ప్లానింగ్ సెక్షన్ ఉద్యోగిని నిర్లక్ష్యం వల్ల పసిపిల్లల జ్వరం సిరప్ సీసాలు నాలుగు రోజులు ఆలస్యమయ్యాయని, మందుల కంపెనీ వారి ఫిల్లింగ్ లైను ఆగిపోయిందని, అందుచేత సదరు ఉద్యోగినిని గోడౌన్‌లో లేబుళ్ళ పనికి మార్చడమైనదని ఉత్తరం సారాంశం. ఇరవై రెండేళ్ళ సర్వీసుకు ఎనిమిది వాక్యాలు.

అప్పుడే ఆమె ఫోను మోగింది. మూడో లైనులో చల్లార్చే సొరంగం మూతి దగ్గర సీసాలు ఒకదాని మీద ఒకటి పడి బిగుసుకుపోయాయట. ఆమె లేచి, ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి ఏప్రన్ జేబులో దోపుకుంది.

"సంతకం మేడమ్?" అన్నారు ఎం.డి.గారు.

"చేసి పంపిస్తాను సార్."

"గురువారం లోపల. అందాకా ప్లానింగ్ మీరే చూసుకోండి. కొత్త మనిషి దొరికేదాకా."

"చూసుకుంటాను సార్" అని ఆమె అప్పటికే గుమ్మం దాటింది. వెనక తుఫాను మరో ఫోను ఎత్తాడు. భూతద్దం తన నివేదిక తనకే చదువుకుంటున్నాడు. రేపటాయన వాచీ చూసుకున్నాడు. సోమవారం మీటింగు ఎప్పుడూ ఇంతే. ఎవరి వంతు వారు చదివి, ఎవరి దారిన వారు పోవడం.

*

మంగళవారం పొద్దున మేడమ్ ఇంట్లో పెద్ద గొడవ.

అయిదుగురు మనుషులున్న ఇంటికి స్నానాలగది ఒక్కటే. దాని తలుపు పక్కన మేకుకు, బకెట్ పిడి వంచి ఎర్రగుడ్డ చుట్టిన ఇనుప వలయం ఒకటి వేలాడుతూ ఉంటుంది. అది మామగారి కట్టుబాటు. ఒంటి పట్టాల దారిలో ముప్ఫయ్యేళ్ళు స్టేషన్ మాస్టరు చేసిన మనిషి ఆయన. టోకెన్ అనే వలయం డ్రైవరు చేతికి అందనిదే ఏ రైలూ ఆ పట్టాల మీదికి రాకూడదు. టోకెన్ ఒక్కటే కనుక ఎదురెదురుగా రెండు రైళ్ళు వచ్చే ప్రసక్తే లేదు. ఉద్యోగం విరమించాక ఆయన ఆ శాస్త్రాన్ని స్నానాలగదికి వర్తింపజేశాడు.

"తాతయ్యా! అక్క వలయం పట్టుకుని అద్దం ముందే నిలబడింది. లోపలికి పోదు, నాకివ్వదు!" చిన్నది కాళ్ళు నేలకేసి కొడుతోంది.

"టోకెన్ దాని చేతిలో ఉంది. లైను దానిది. మధ్య నేనెవర్ని?" అన్నాడాయన పేపరు మడవకుండానే.

"నా బస్సు వెళ్ళిపోతుంది!"

"ఆ ముక్క నాకు కాదమ్మా, వెళ్ళి దానికి చెప్పు."

చిన్నది వెళ్ళి చెప్పింది. పెద్దది ఒక్క క్షణం ఆలోచించి, "ముందే ఏడవొచ్చుగా!" అంటూ వలయం దాని మెడలో వేసింది.

జడ చుట్టుకుంటూ మేడమ్ ఇదంతా సగం చెవితో వింది. మిగతా చెవి అప్పటికే ఫోనుకు ఇచ్చేసింది.

*

ప్లానింగ్ గది ఒకప్పుడు చీపుళ్ళు దాచే కొట్టు. గోడ మందం వల్ల అందులో సెల్‌ఫోన్లు పనిచేయవు. మాట్లాడాలంటే బల్లమీది పాత ఫోనే దిక్కు. ఒక గోడ పొడవునా చెక్క పలక, దానికి మూడు వరుసల మేకులు. ఒక్కో లైనుకు ఒక్కో వరుస. మేకులకు తెల్ల చీటీలు, తెల్ల చీటీల మీద ఎర్ర చీటీలు.

"రండి మేడమ్. కుర్చీకి ఎడమకాలు కుంటిది, అటు ఒరగకండి" అంది ప్లానింగ్ అక్కయ్య. వాచ్‌మన్ మొదలు మేస్త్రి దాకా ఆమె అందరికీ అక్కయ్యే. జుట్టుముడిలో పెన్సిలు, దారంతో మెడకు కట్టుకున్న కళ్ళజోడు. సొరుగు అప్పటికే ఖాళీ చేసి, తన చాయ్ గ్లాసు ఒక సంచిలో పెట్టుకుని కూర్చుంది. కబురు ఉత్తరం కన్నా ముందే చేరిపోయినట్టుంది.

"పని చెప్పండి. నేర్చుకుంటాను" అంది మేడమ్.

"ఎంతసేపు! తెల్ల చీటీ అంటే ఆర్డరు. దాని మీద ఎర్ర చీటీ పడిందంటే 'ముందు నాది' అని. ఎర్ర చీటీల పుస్తకాలు మీ నలుగురు పెద్దల దగ్గరే ఉంటాయి. ఇవాళ బోర్డు మీద ఇరవై ఆరు ఆర్డర్లు. అందులో పందొమ్మిది ఎరుపు."

"పందొమ్మిదీ ముందేనా?"

"అది మీరే చెప్పాలి. ఎర్ర చీటీ వేసేవాళ్ళు మీరు, దాన్ని చూసి బిత్తరపోయేదాన్ని నేను." అక్కయ్య నవ్వింది. ఆ నవ్వులో పులుపు లేదు. "లైను మీద సీసా అచ్చు ఒకసారి మార్చాలంటే అయిదు గంటలని నాకన్నా మీకే బాగా తెలుసు. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు ఎర్ర చీటీ పంపితే, ఆ రోజంతా లైను అచ్చులు దింపడం, ఎక్కించడం. సీసా పుట్టేదెప్పుడు?"

"తీసేసిన చీటీలేం చేస్తారు?"

"ఊచకు గుచ్చుతాను. ఒక్కటీ పారేయలేదు. పాత ఊచలు అటక మీదున్నాయి." కిటికీ గట్టు మీద నిలబెట్టిన ఇనుప ఊచను ఆమె బల్ల మీదికి జరిపింది. "ఇది పోయినవారానిది. చూస్తూ ఉండండి, నేను చాయ్ తెస్తాను."

మేడమ్ ఊచను ముందుకు లాక్కుంది. రెండో లైను. బుధవారం సిరప్ సీసాల అచ్చు ఎక్కాలి. దాన్ని దింపించిన మొదటి ఎర్ర చీటీ తుఫానుది: ఎవరో కొత్త పార్టీకి నమూనా సీసాలు. రెండోది భూతద్దానిది: బుడగలొచ్చిన పాత సరుకు మళ్ళీ తీయాలని. గురువారం రేపటాయన: నూనె సీసాల అట్టపెట్టెలు గోడౌన్‌లో అడ్డంగా ఉన్నాయి, ఆ సీసాలు పోసి పెట్టెలు ఖాళీ చేయమని. నాలుగో చీటీ శుక్రవారం నాటిది. వెడల్పు మూతి జాడీలు. కింద సంతకం ఆమెదే.

ఆమెకు ఆ పూట గుర్తొచ్చింది. కొలిమి కిటికీ ముందు నిలబడి, ఒక చెవి అరచేత్తో మూసుకుని, రెండో చెవిలో ఫోను పెట్టుకుని అరిచింది. జాడీ బరువు సిరప్ సీసాకు అయిదింతలు. ఒక్క రోజు జాడీలు పోస్తే ఆ నెల టన్నులు లక్ష్యం గీత దాటుతాయి. చీటీ వెనక్కు తిప్పింది. పెన్సిలు రాత, వరుస తప్పని చిన్న అక్షరాలు.

'శుక్ర. 11.20. సిరప్ ఆగుతుందని చెప్పాను. చూసుకుంటానన్నారు.'

మిగతా మూడూ తిప్పింది. రోజులు వేరు, గంటలు వేరు. వాక్యం ఒక్కటే. చూసుకుంటానన్నారు. చూసుకుంటానన్నారు. చూసుకుంటానన్నారు.

గదిలో ఎవరూ లేరు. ఊచ మీది నుంచి ఒక్క చీటీ లాగి, ఏప్రన్ జేబులో ఆ ఉత్తరం పక్కనే పెట్టుకుంటే, శుక్రవారం అనేది ఒకటి ఉన్నట్టే ఎవరికీ తెలియదు. ఆమె బొటనవేలు, చూపుడువేలు కాగితం అంచును పట్టుకున్నాయి. కాస్త పైకి కదిపాయి కూడా. బయట గ్లాసుల చప్పుడైంది. వేళ్ళు వదిలేశాయి.

"ఇవి మాకు చూపించి ఉండొచ్చు కదా, అక్కయ్యా?" అంది చాయ్ అందుకుంటూ.

"నన్ను పిలిచిందెవరు? పోనీ తీసుకెళ్దామన్నా, ఎవరి దగ్గరికి? తుఫానుగారి దగ్గరికి రేపటాయన చీటీయా? మీ దగ్గరికి మీ చీటీయా?" అక్కయ్య చాయ్ ఊదుకుంది. "గోడౌన్ అంటే నాకు భయం లేదు మేడమ్. లేబుళ్ళు వంకర అతికిస్తే తిట్లు తింటాను, అంతే. పని చెడగొట్టి పోయిందని రాసి పంపుతున్నారు చూడండి, అదే గొంతు దిగట్లేదు. నలుగురూ చూసుకుంటామన్నారు. నమ్మాను. అది తప్పయితే రాసుకోండి."

చాయ్ వేడిగా ఉంది. మేడమ్ ఒక్క గుక్కలో తాగేసింది.

*

బుధవారం కుంటి కుర్చీలో ఆమే కూర్చుంది. పదకొండు గంటలకల్లా కొత్తగా తొమ్మిది ఎర్ర చీటీలు వచ్చాయి. అందులో రెండు ఆమె సొంత పుస్తకంలోవి. ఆమె లేదని ఆమె డిప్యూటీ చింపి పంపాడు. తన చీటీని తానే మేకుకు తగిలించుకుని, తానే బిత్తరపోయి చూసింది.

బల్ల మీద ఫోను మోగింది.

"అక్కయ్యా, ఇదిగో చూడు" అవతల తుఫాను. ఎత్తిందెవరో చూసుకునే తీరిక ఆ మనిషికి ఎప్పుడూ లేదు. "రెండో లైను మీద నా నమూనాలు మళ్ళీ ఎక్కించు. రంగు నచ్చలేదట వాళ్ళకి. ఎర్ర చీటీ వెనకాలే వస్తోంది."

మేడమ్ గొంతు తగ్గించింది. "సిరప్ రెండో విడత ఆగుతుందండీ."

"నేను చూసుకుంటాలే!"

ఫోను ఠక్కున పెట్టేశాడు. చీటీ వచ్చాక ఆమె దాన్ని వెనక్కు తిప్పి, అక్కయ్య పెన్సిలుతో గంట వేసి, అదే వాక్యం రాసింది. పోయినవారపు ఊచకే దాన్నీ గుచ్చింది. నిన్నటి దాకా తాను ఆ తీగకు అవతలి కొసన ఉండేది. ఇవతల నుంచి వింటే ఆ మాట ఎంత బోలుగా ఉందో!

సాయంత్రం ఆమె ఎం.డి.గారికి ఫోను చేసింది.

"సార్, రేపు అందరం ఒక మీటింగు ప్లానింగ్ గదిలో పెట్టుకుందాం."

"ఆ చీపుళ్ళ కొట్లోనా? కుర్చీలు పట్టవు కదా?"

"కుర్చీలొద్దు సార్. నిలబడే."

"ఉత్తరం మీద సంతకం?"

"అక్కడే పెడతాను."

గురువారం పొద్దున బయలుదేరుతూ ఆమె స్నానాలగది పక్క మేకు మీది వలయం తీసి చేతిసంచిలో వేసుకుంది. మామగారు కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"టోకెన్ ఎక్కడికమ్మా?"

"ఫ్యాక్టరీకి మామయ్యా. అక్కడ నాలుగు రైళ్ళు ఒకే పట్టాల మీదున్నాయి."

ఆయన లేచాడు. లోపలికి వెళ్ళి ఒక నోటుపుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. "రసీదు రాసి తీసుకెళ్ళు. రాత లేకుండా టోకెన్ చేతులు మారకూడదు." ఆమె రాసి, తేదీ వేసి, సంతకం చేసింది. లోపలి నుంచి ఇద్దరు పిల్లలూ ఒకేసారి కేకలు మొదలుపెట్టారు.

*

ఇద్దరు పట్టే గదిలో అయిదుగురు. తుఫాను మోచేయి భూతద్దం డొక్కలో ఉంది. రేపటాయన చీపుళ్ళ కాలం నాటి కొక్కేనికి తల తగలకుండా మెడ వంచుకున్నాడు. ఫోన్లు తీసి చూసుకున్నారు, గోడలను చూశారు, మళ్ళీ జేబుల్లో పెట్టుకున్నారు. అక్కయ్య గుమ్మం బయట నిలబడింది.

మేడమ్ ఊచ మీది నుంచి నాలుగో చీటీ తీసి, వెనక వైపు ముందుకు వచ్చేలా పలకకు తగిలించింది.

"ముందువైపు నా సంతకం. వెనక అక్కయ్య రాత." చదివింది. "నెలాఖరు టన్నుల కోసం జాడీలు ఎక్కించాను. సిరప్ ఆగుతుందని అక్కయ్య చెప్పింది. చూసుకుంటానన్నాను. ఫోను పెట్టగానే మరిచిపోయాను. ఈ ఉత్తరంలో నిర్లక్ష్యం అని ఉంది చూడండి, సార్. ఆ మాట కరెక్టే. మనిషి పేరే తప్పు."

ఆమె ఊచను బల్ల మధ్యకు జరిపింది.

"మిగతా మూడు చీటీలు ఊచ మీదే ఉన్నాయి. నేను తీయను."

"ఇదెక్కడి గోల మేడమ్!" తుఫాను లేచాడు, అంటే, ఉన్నచోటే ఇంకాస్త పొడుగయ్యాడు. "అందరినీ బోనెక్కిస్తున్నారా?"

"ఎక్కింది నేనొక్కదాన్నే. మీరు కిందే ఉన్నారు."

మొదట కదిలింది భూతద్దం. డొక్కలోని మోచేయి తప్పించి, తన చీటీ తీసి, కళ్ళజోడు సర్దుకుని వెనకా ముందూ రెండుసార్లు చదివాడు. "ఇందులో బుడగ లేదు" అని, మేడమ్ చీటీ పక్కన తగిలించాడు. రేపటాయన గొంతు సవరించుకుని, "నాది నేను రేపు..." అనబోయి, అందరి మొహాలూ చూసి, తానే ముందు నవ్వేశాడు. మెడ వంచుకునే వెళ్ళి తీశాడు.

చివరికి తుఫాను. ఆయన చేతికి ఒకటి కాదు, రెండు వచ్చాయి.

"బుధవారం పదకొండూ నలభై అయిదు... అంటే నిన్న. కానీ ఇది అక్కయ్య రాత కాదే?"

"నాది" అంది మేడమ్.

"అంటే ఫోనులో..."

"నేనే. చూసుకుంటానన్నారు. చూసుకున్నారా?"

తుఫాను చెవి వెనక గోక్కుని, రెండు చీటీలూ పలకకు తగిలించాడు.

గుమ్మంలోంచి అక్కయ్య దగ్గింది. "అయ్యా, మీ మాటలు తర్వాత. పన్నెండింటికి రెండో లైను అచ్చు మారాలి. ఏది ఎక్కించమంటారు?"

నలుగురూ ఒకేసారి జవాబు చెప్పారు. నాలుగు జవాబులు. ఎం.డి.గారు చేత్తో నుదురు రుద్దుకున్నారు. "ప్రతి సోమవారం గంటన్నర పక్కపక్కనే కూర్చుంటున్నాం" అన్నారు మెల్లగా, ఎవరితోనో కాదన్నట్టు.

అప్పుడు మేడమ్ సంచిలోంచి వలయం తీసింది. ఎర్రగుడ్డ ఒకచోట ఊడి, సబ్బు వాసన వేస్తోంది. ఇకపై ఎర్ర చీటీలుండవంది. నాలుగు పుస్తకాలూ ఈ సొరుగులోకి. వలయం ఎవరి చేతిలో ఉంటే వారి ఆర్డరు ముందు. ఇంకొకరికి కావాలంటే, ఫోను కుదరదు, డిప్యూటీ కుదరడు. తానే నడిచి వెళ్ళి, పట్టుకున్న మనిషి ఎదుట నిలబడి, ఏది ఆగుతుందో చెప్పి అడగాలి. ఇస్తారో లేదో ఆ ఇద్దరే తేల్చుకోవాలి. తేలింది అక్కయ్యకు చెప్పాలి. అక్కయ్య ఈ కుర్చీలోనే ఉంటుంది.

ఉత్తరాన్ని విప్పి, బోర్లించి, దాని వెనక వైపున ఇదంతా రాసింది. కింద మొదటి సంతకం తనదే పెట్టింది. ముందువైపు ఎనిమిది వాక్యాల మీద ఎం.డి.గారు అడ్డంగా ఒక గీత కొట్టారు.

ఈసారి ఆ కాగితం గది చుట్టూ తిరగడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. అందరూ చదివారు. రేపటాయన ఒకచోట తప్పు కూడా దిద్దాడు.

*

తరువాతి మంగళవారం నెలాఖరు. టన్నులు పన్నెండు తగ్గాయి. వలయం మేడమ్ చేతికే ఉంది, గాజులా ముంజేతికి వేసుకుని తిరుగుతోంది. మధ్యాహ్నం రెండింటికి రెండో లైను మీదికి జాడీల అచ్చు ఎక్కాలి. మేస్త్రి అచ్చులు వేడి చేయించి సిద్ధంగా ఉంచాడు.

ఒంటిగంటకు కొలిమి అరుగు మెట్ల మీద తళతళలాడే బూట్లు కనిపించాయి. వాటి వెనకాలే తుఫాను. మొహమంతా చెమట. తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఆయన ఆ మెట్లెక్కడం ఎవరూ చూడలేదు.

"అమ్మో, ఏం వేడి మేడమ్!"

"ఇది దూరం. ఇంకా దగ్గరికి రండి, వినపడదు."

ఆయన వచ్చాడు. పక్క లైనులో అచ్చు మారుస్తున్నారు. ఇద్దరు మనుషులు పట్టుకారులతో ఎర్రటి ఇనుప అచ్చును ఎత్తి దింపుతున్నారు, మూడో మనిషి బోల్టులు విప్పుతున్నాడు, ముగ్గురి చొక్కాలూ వీపులకు అంటుకుపోయాయి. తుఫాను కాసేపు తానెందుకు వచ్చాడో మరిచిపోయినట్టు చూశాడు.

"ఒక్క చిన్న మార్పు అంటే... ఇదా?"

"ఇదే. అయిదు గంటలు."

ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "సిరప్ వాళ్ళకు రెండో విడత రేపు నాలుగింటికి బండెక్కాలి. ఎక్కకపోతే ఎల్లుండి పొద్దున వాళ్ళ లైను మళ్ళీ ఆగుతుంది. ఆగేది అదొక్కటే. నమూనాల పార్టీకి నేనే వారం ఆగమని చెప్పేశాను." ఆగి, "అడగడానికొచ్చాను" అన్నాడు, ఆ మాట కొత్తగా నేర్చుకున్నవాడిలా.

మేడమ్ ముంజేతి వైపు చూసుకుంది. పన్నెండు టన్నులు. పదకొండేళ్ళలో ఆమె ఏ నెలా గీత కింద ఉండలేదు. వేడికి కణకణలాడుతున్న జాడీల అచ్చుల పక్కన మేస్త్రి చెయ్యి ఊపి, ఎక్కించమంటారా అని సైగ చేశాడు.

ఆమె వలయం తీసి తుఫాను చేతిలో పెట్టింది. మేస్త్రికి వద్దని తల ఊపింది.

"మరి మీ టన్నులు?"

"తగ్గుతాయి. సోమవారం ఎం.డి.గారు అడిగితే మీరు చెప్పండి."

"నేను చూసు..." అనబోయి నాలుక కరుచుకున్నాడు. "ఇప్పుడే రాసిస్తాను. పెన్నుందా?"

మరునాడు నాలుగూ పదికి సిరప్ సీసాల బండి గేటు దాటింది. ఆఖరి పెట్టెల మీద భూతద్దం స్వయంగా వేలు పెట్టి చూశాడు. అట్టపెట్టెలు రేపటాయన ముందు రోజే తెప్పించి ఉంచాడు. ఆ సంగతి ఎవరైనా గట్టిగా అంటారేమోనని ఆయన కాస్త సిగ్గుపడుతూ తిరిగాడు.

ప్లానింగ్ గదిలో అక్కయ్య తెల్ల చీటీ మేకు మీది నుంచి తీసింది. చాయ్ గ్లాసు మళ్ళీ కిటికీ గట్టు మీదికి వచ్చింది. జుట్టుముడిలోంచి పెన్సిలు లాగి, చీటీ వెనక్కు తిప్పి, ఇరవై రెండేళ్ళ అలవాటుగా గంట వేసింది.

'బుధ. 4.10. సిరప్ వెళ్ళింది. ఇద్దరూ వచ్చి చెప్పారు.'

ఊచకు గుచ్చి, పైనుంచి అరచేత్తో ఒక్కసారి నొక్కింది. వలయం పలక పక్కన మేకుకు వేలాడుతోంది. ఆ సాయంత్రం దాన్ని అడగడానికి ఎవరూ రాలేదు.